కడిగిన పాల కవర్లు

ఊళ్లో అందరూ ఆమెను చెత్తక్క అనేవాళ్లు. మొదట్లో ఆ మాట వింటే ఒళ్లు మండేది. పోనుపోను అలవాటైపోయింది.

ఊరి చివర రేకుల షెడ్డులో తడి చెత్త, పొడి చెత్త వేరుచేసే పని ఆమెది. ఇళ్లల్లోనే వేరుచేసి ఇవ్వమని జనానికి నేర్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అందరికన్నా మొండిది సొంత తోడికోడలే.

"పాల కవరు కడిగి ఆరేయాలా? నా బట్టలకే దండెం చాలట్లేదక్కా!" అని నవ్వింది.

చెత్తక్క బతిమాలింది, పోట్లాడింది, చివరికి ఆమె చేత కూడా కడిగించింది. కవర్లను ఫ్యాక్టరీలో కరిగించి పైపులు చేస్తారని పైవాళ్లు చెప్పారు. ఆమె అదే ఊరంతా చెప్పింది. మూటలు కట్టి లారీకెక్కించేది.

ఒకసారి చెల్లెల్ని చూడ్డానికి వెళ్తుంటే దారిలో బస్సు టైరు పంక్చరైంది. కాస్త కాళ్లు సాగదీద్దామని దిగింది. రోడ్డు పక్క గోతిలో మూటలు కనిపించాయి. పాత చీరల అంచులు చింపి తను వేసిన ముడులే అవి. సగం కాలి, సగం బురదలో కూరుకుపోయి ఉన్నాయి.

మళ్లీ లారీ వచ్చినప్పుడు షెడ్డు తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఫ్యాక్టరీ మూసేసి చాన్నాళ్లయిందక్కా. ఎక్కడో ఒకచోట దింపాలి కదా," అన్నాడు డ్రైవరు.

"ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదా నీకు?"

"చెప్తే కడగడం మానేస్తారుగా! అప్పుడు బండంతా కంపు."

ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. పంచాయతీ ఆఫీసుకెళ్లి అడిగితే అక్కడి సారు నీళ్లు నమిలాడు. "ఇంకో ఫ్యాక్టరీని చూస్తున్నాం. ఈలోగా ఎవరితోనూ అనకమ్మా," అన్నాడు.

అననా! తిన్నగా తోడికోడలి దగ్గరికే వెళ్లి చెప్పేసింది. ఆవిడ ఎగతాళి చేస్తుందనుకుంది. చేయలేదు. చేతిలో ఉన్న కవరు చెత్త బకెట్లో పడేసి, "నువ్వు చెప్పావనే కదక్కా కడిగింది," అంది. అంతకంటే నాలుగు మాటలు తిట్టినా బాగుండుననిపించింది.

తడి చెత్త ఎరువవుతోంది, రైతులు పట్టుకెళ్తున్నారు. సీసాలు, ఇనుము పాత సామాన్ల కొట్టుకి పోతున్నాయి. కవర్లు మాత్రం షెడ్డులో పైకప్పు దాకా పేరుకుపోయాయి. లారీకి ఇవ్వదు, తగలబెట్టనివ్వదు. చాలా ఇళ్లవాళ్లు మళ్లీ అన్నీ కలిపి ఇస్తున్నారు. అదేమిటని అడిగితే, "ముందు ఆ గుట్ట సంగతి తేల్చు తల్లీ," అంటున్నారు.

ఆమె పళ్లు కొరుక్కుంటూ, వాళ్లు కలిపిందంతా తనే కూర్చుని విడదీస్తోంది.