బావ బల్బు

ఇది పాతబస్తీలో పిడుగును ఒడిసిపట్టి ఇనుప డబ్బాలో బంధించిన ఒక మహావీరుడి గాథ. పదునాలుగు లోకాలూ దద్దరిల్లుతాయి. కాదు లెండి. మా బావ ఉప్పుగూడ స్టేషన్ దగ్గర ఆంప్లిఫయర్లు బాగుచేసేవాడు. నేను పక్క స్టూలు మీద కూర్చుని స్పీకర్లు బాగుచేసేవాణ్ణి. ఇద్దరికీ కలిపి ఒకే ఫ్యాన్. అది ఆయన వైపు తిరిగి ఉండేది.

ప్లగ్ పీకేసినా ఆంప్లిఫయర్ లోపలి కండెన్సర్లలో కరెంటు నిలిచే ఉంటుంది. డీజే వాళ్లు తెచ్చే పెద్దవాటిలో మూడు వందల ఓల్టులు దాటుతుంది. దాన్ని దించడానికి బావ దగ్గర ఒక వంద వాట్ల పాత బల్బు, దాని హోల్డర్‌కు రెండు వైర్లు ఉండేవి. వైర్లను కండెన్సర్ కాళ్లకు ఆనిస్తే బల్బు భగ్గున వెలిగి మెల్లగా ఆరిపోయేది. ఆ తర్వాతే చేయి పెట్టాలి. ఓల్టులు కొలిచే మీటర్ సొరుగులో పడి ఉండేది. "మీటర్‌తో ఏం పని? బల్బు కండ్లకు కనబడతది గద" అనేవాడు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఉత్తినే, షాక్ కొట్టినట్టు "వామ్మో!" అని వణికిపోయి వెనక్కి పడేవాడు. నేను మార్కులు వేసేవాణ్ణి. పదికి నాలుగు ఎన్నడూ దాటలేదు.

బోనాలకు ముందు ఒక ఉదయం టేబుల్ తుడుస్తుంటే నా చేయి తగిలి బల్బు కింద పడింది. గాజు పగల్లేదు. తీసి మేకుకు తగిలించాను.

మధ్యాహ్నం ఒక డీజే అతను ఆంప్లిఫయర్ మోసుకొచ్చాడు. "అన్నా, ఠప్పుమని బందయింది. సాయంత్రం కల్ల కావాలె."

"నిన్నటి దాక ఏం జేసినవ్ భాయ్, పక్కల పండుకోబెట్టుకున్నవా?" అన్నాడు బావ.

ఒకసారి ప్లగ్ పెట్టి చూశాడు. లైటు కూడా రాలేదు. ప్లగ్ పీకేసి, మూత విప్పి, బల్బు వైర్లు ఆనించాడు. వెలగలేదు.

"ఖాళీగున్నది."

"నీ బుర్ర లెక్కనా బావా?"

"మీ అక్కనడుగు, చెప్తది" అంటూ లోపలి బోర్డును రెండు చేతులతో పట్టుకున్నాడు. వెనక్కి పడ్డాడు.

"వామ్మో అనుడు మర్చినవ్. మూడు మార్కులే" అన్నాను.

ఆయన లేవలేదు. నేను ఇంకాసేపు నవ్వాను.

ఆటోలో డీజే అతను, నేను చెరోవైపు పట్టుకున్నాం. ఆసుపత్రిలో డాక్టరు, "కరెంట్ బంద్ చేయకుండా ముట్టుకున్నడా?" అని అడిగాడు. "ప్లగ్ పీకినం సార్" అన్నాను. ఆయన నమ్మలేదు. బావ అప్పటికే పోయాడు.

ఇంటికి వచ్చినవాళ్లంతా అదే మాట: ఇన్నేండ్ల పనోడు, ప్లగ్ గూడ తియ్యలేదా? మూడో రోజు అక్క కూడా అడిగింది. "నిజం చెప్పు. ప్లగ్ తియ్యకుండనే చెయ్యి పెట్టిండా?"

"తీసిండక్కా. బల్బు గూడ పెట్టిండు."

"మరెట్లయింది?"

దుకాణానికి వెళ్లి ఆ బల్బును గోడ హోల్డర్‌లో పెట్టి స్విచ్ వేశాను. వెలగలేదు. కిటికీ వెలుగులో చూస్తే లోపలి తీగ తెగి వేలాడుతోంది. తెచ్చి అక్క ముందు పెట్టాను.

"ఆయన తప్పేం లేదక్కా. లోపల కరెంటున్నా ఇది వెలగలే. పొద్దుగాల్ల దీన్ని నేనే పడేసిన."

అక్క బల్బును చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. సన్నగా గలగలమంది.

"గింత చప్పుడు గూడ ఇనబడలేదారా నీకు?"

వినబడలేదు. ఆ ఉదయమంతా నేనే మాట్లాడుతున్నాను.

ఇప్పుడు ఫ్యాన్ నా వైపు తిరిగి ఉంటుంది. ప్లగ్ పీకాక బల్బును ముందు గోడ హోల్డర్‌లో వెలిగించి చూస్తాను. తర్వాత కండెన్సర్‌కు ఆనిస్తాను. ఆపైన మీటర్ కూడా పెడతాను. వంద వాట్ల పాత బల్బులు ఇప్పుడు చార్మినార్ వైపు రెండు మూడు షాపుల్లోనే దొరుకుతున్నాయి. ఈ పనికి ఎల్ఈడీ బల్బు పనికిరాదు.