మల్సున్ సముద్రం దాటి తెచ్చుకున్న పిల్ల

జపాన్‌లోని ఒసాకాలో, ఇకాయినో కాలవ పక్క సందుల్లో, కొరియాలోని జెజు దీవి నుంచి వచ్చి ఉంటున్న వాళ్లందరికీ బు మల్సున్ తెలుసు. రబ్బరు చెప్పులకు అడుగులు అతికించే పని ఆమెది. నోటికి జడిసి కొందరు, చేతికి జడిసి కొందరు ఆమె జోలికి పోయేవారు కాదు. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. "ఇంకోదాన్ని తెచ్చుకోవయ్యా" అని ఆమె మొగుడు దుసామ్‌కి సలహా ఇచ్చిన పెద్దమనిషి మీదికి జిగురు డబ్బా విసిరేసింది.

1948 చలికాలంలో అక్కడ జెజు తగలబడుతోంది. కొండెక్కిన కమ్యూనిస్టు తిరుగుబాటుదారులకు అన్నం పెట్టారని సైనికులు కొండ పక్క ఊళ్లకు ఊళ్లే కాల్చేశారు. దొంగ పడవలో పారిపోయి వచ్చినవాడొకడు దుసామ్‌కి కబురు తెచ్చాడు. తమ్ముణ్ణీ అతని పెళ్లాన్నీ బడి ఆవరణలో నిలబెట్టి కాల్చారట. తల్లి శవం కింద పసిపిల్ల మాత్రం బతికి ఉందట. ఎవరో ముసలమ్మ ఆ పిల్లని ఎత్తుకుపోయి ఒడ్డు ఊళ్లో దాచిందట.

దుసామ్ గోడకేసి తల బాదుకున్నాడు. కాసేపటికి లేచి, చొక్కా వేసుకుని బయల్దేరబోయాడు. మల్సున్ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మగాడివి, ఒడ్డున కాలు పెట్టగానే కాల్చేస్తారు. నేను పోతా."

"ఆడదాన్నయితే వదిలేస్తారేంటే? మతుండే మాట్లాడుతున్నావా?"

"ఉండే మాట్లాడుతున్నా. ఆ పిల్ల ఇక మన పిల్ల. నా పిల్లని నేనే తెచ్చుకుంటా."

దొంగ పడవవాడు ఆమెను ఒక సాయంత్రం జెజు ఒడ్డున నల్లరాళ్ల మధ్య దింపి, "రేపు పొద్దున మంచు విడిచేలోపు ఇక్కడుండాలి. లేకపోతే నా దారి నాది" అన్నాడు.

ముసలమ్మ గుడిసె ఊరి చివర, కొండవాళ్లని ఆపడానికి సైనికులు కొత్తగా కట్టించిన కాపలా గోడ పక్కనే ఉంది. లోపల పిల్ల చిలగడదుంప గుజ్జు చప్పరిస్తోంది. కాళ్లు పుల్లల్లా ఉన్నాయి.

"ఈ కుక్కపిల్లకి పెద్దమ్మవా? ఎక్కడ చచ్చావు ఇన్నాళ్లు?" అంది ముసలమ్మ. అంటూనే పిల్లని ఆమె ఒళ్లో పడేసి, లంగా అంచుతో కళ్లొత్తుకుంది. మల్సున్‌కి పసిపిల్లని ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. మెడ కింద చెయ్యి పెట్టమని ముసలమ్మే చూపించింది.

తెల్లారుతుండగా, బయల్దేరేముందు, ఉత్తరాదిలో కమ్యూనిస్టులకు జడిసి పారిపోయొచ్చి సైన్యంతో కలిసిన యువదళం మనిషి ఒకడు తలుపు తన్నుకుని లోపలికొచ్చాడు. చేతిలో దుడ్డుకర్ర ఉంది. దీవి వాళ్లందరూ వాడి కంటికి ఎర్రవాళ్లే.

"ఎవరిదే ఈ పిల్ల?"

"నా మనవరాలు బాబూ" అంది ముసలమ్మ. కర్ర ఆమె మొహం మీద పడింది. పళ్లు రాలిన చప్పుడు మల్సున్‌కి వినపడింది.

"నా పిల్ల" అంది మల్సున్.

"నీదా? అయితే పాలివ్వు. చూస్తా."

మల్సున్ వాడి కళ్లలోకి చూస్తూ రవిక విప్పింది. పిల్ల ఆబగా అందుకుంది. ఎంత లాగినా ఏమీ రాక చిగుళ్లతో కొరికి, గుక్కపట్టి ఏడ్చింది. వాడు నవ్వాడు.

"కొండోళ్ల విత్తనం! మా నాన్నని నిలువునా పాతిపెట్టింది మీలాంటోళ్లే." వంగి, పిల్లని కాలు పట్టి లాగాడు. పిల్ల తలకిందులుగా వేలాడింది. ఆపడానికి వెళ్లిన మల్సున్ భుజం మీద కర్ర పడింది. ఎముక విరిగి ఎడమ చెయ్యి వాలిపోయింది.

పొయ్యి దగ్గర నల్లరాయి ఆమె కుడిచేతికి దొరికింది. మొదటి దెబ్బకే వాడు కూలాడు. పిల్ల గడ్డి మీద పడింది. మల్సున్ ఆగలేదు. వాడు కదలడం మానేశాక కూడా కొట్టింది. మొహం మొహంలా లేకుండా పోయేదాకా కొట్టింది. వాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవని ఆమెకి ఆ తర్వాత తోచింది.

ముసలమ్మ నోట్లో నెత్తురు ఉమ్మేసి, రాయిని ఆమె వేళ్ల లోంచి ఊడబీకింది.

"ఇది నేను చేశానని చెప్తా. నువ్వు పో."

"నిన్ను చంపేస్తారు అవ్వా! నువ్వూ రా."

"ముగ్గురు కొడుకుల్ని కని, పూడ్చుకున్నదాన్ని. ఇంకేం మిగిలిందని వస్తానే? ఇద్దరం పోతే వీణ్ణి చంపినందుకు ఊరి మీద పడతారు. పోవే, మంచు విడుస్తోంది!"

మల్సున్ విరిగిన చేతిని తలగుడ్డతో కట్టుకుని, పిల్లని వీపున మూటగట్టి పరిగెత్తింది. పడవ కదిలాక వెనక తుపాకీ మోతలు వినిపించాయి. పడవలో పారిపోతున్న మిగతావాళ్లెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

జపాన్ ఒడ్డు దగ్గరపడ్డప్పుడు కాపలా పడవ కనిపించింది. అందరూ ఎండుచేపల బస్తాల కింద దూరారు. పిల్ల మూలిగింది. పక్కనున్న మగాడొకడు దాని నోరూ ముక్కూ కలిపి నొక్కేశాడు. "దీనివల్ల అందరం పోతాం" అని గొణిగాడు. మల్సున్ వాడి బొటనవేలు ఎముక తగిలేదాకా కొరికింది. వాడు అరవకుండా పళ్లు బిగించుకుని చెయ్యి తీసేశాడు. మల్సున్ రాయి పట్టిన చేతి నెత్తుటి వేలు పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల చప్పరిస్తూ ఊరుకుంది.

ఇంటికి చేరాక దుసామ్ పిల్లని చూడబోయి, ముందు పెళ్లాం చెయ్యి చూసి బావురుమన్నాడు. ఆ చెయ్యి మళ్లీ భుజం దాటి లేవలేదు. ఒంటిచేత్తోనే అడుగులు అతికించడం నేర్చుకుంది. నిద్రలో ఆమె కుడిచెయ్యి ఎగిరెగిరి పడేది. అందుకని పిల్లని తన పక్కలో కాక మొగుడి పక్కన పడుకోబెట్టేది. పిల్లకి యంగ్‌జిన్ అని పేరు పెట్టారు. మల్సున్ చంపిన సంగతి దుసామ్‌కి చెప్పింది కానీ ఇంకెవరికీ చెప్పలేదు.

ఏటా తమ్ముడి తద్దినం నాడు దుసామ్ రెండు గిన్నెల అన్నం పెడితే, మల్సున్ మూడోది పెట్టేది.

యంగ్‌జిన్ బడికి వెళ్లే వయసులో అడిగింది. "ఒకటి మా నాన్నకి, ఒకటి అమ్మకి. ఇదెవరికి?"

"నిన్ను అక్కడ దాచి కాపాడిన అవ్వకి."

"ఆవిడ పేరేంటి?"

మల్సున్ కుడిచేత్తో మూడో గిన్నెని ముందుకు జరిపింది. "అడగలేదే. అడిగే తీరిక లేకపోయింది. దణ్ణం పెట్టు."

యంగ్‌జిన్ మోకాళ్ల మీద వంగి, నేలకి నుదురు ఆనించింది.