నాగేంద్రమ్మ కోపం, సవరయ్య దీపం

ఆగస్టు రెండో ఆదివారం మధ్యాహ్నం మూడుంబావుకి నేను ఒక బాతు చేతిలో చనిపోయాను. కత్తి నా దగ్గరుంది. బాతుకి ముక్కు మాత్రమే ఉంది. రెండుసార్లు కత్తి ఊపాను, రెండుసార్లూ గాలికి తగిలింది. బాతు ఒక్కసారి పొడిచింది. మోకాలి కింద తగిలింది. ఎదురుగా కూర్చున్న తరుణ్ సంతాపంగా మరమరాల పొట్లం నా వైపు తోశాడు.

పోయింది నేను కాదనుకోండి. కాగితం మీద నేను రాసుకున్న ఒక వీరుడు. అవమానం మాత్రం పూర్తిగా నాదే.

నూజివీడు బస్టాండు దగ్గర నాకొక జిరాక్స్ షాపు ఉంది. మామిడి వ్యాపారం చేసే పాండురంగారావు గారి అమ్మాయి మాధురి ఒకరోజు వచ్చి ముప్ఫై కాగితాలు తీయమంది. బలం ఎంత, తెలివి ఎంత, ప్రాణాలెన్ని అని గళ్లున్నాయి వాటిలో. "ఏ ఉద్యోగానికమ్మా ఈ దరఖాస్తు?" అన్నాను. నవ్వి, ఇది ఆటకండీ అంది. ఆ నవ్వులోనే ఇరుక్కుపోయాను. సీజను అయిపోయి ఖాళీగా పడున్న వాళ్ల షెడ్డులో ప్రతి ఆదివారం ఆట. మాధురి, ఆమె పిన్ని కొడుకు తరుణ్, జుట్టు పలచబడిన నేను.

ఈ ఆటకి బోర్డు ఉండదు. మాధురి కథ చెబుతుంది. మేం అందులో మనుషులం. 'గుహ ముందు నిలబడ్డారు, ఏం చేస్తారు?' అని అడుగుతుంది. మనం చెప్పింది జరుగుతుందో లేదో పాచిక తేలుస్తుంది. కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటి లెవెల్. మొదటి లెవెల్ వాడికి నాలుగైదు ప్రాణాలుంటే గొప్ప. ఆ రోజు నాకు పాచిక మీద పడినవి రెండే. ఆ రెండూ బాతు తీసుకుంది.

అప్పుడే వెనకాల చీపురు చప్పుడు ఆగింది.

"బాతుతో కత్తియుద్ధమేంటండీ? గుప్పెడు గింజలు చల్లితే దాని దారిన అది పోయేది కదా."

అలా నాగేంద్రమ్మ మా ఆటలోకి వచ్చింది.

చాట్రాయి దగ్గర్లో ఒక పల్లె ఆమెది. సీజన్లో ఆ షెడ్డులోనే కాయలు ఏరుతుంది. చేత్తో తూకం చూసి, తొడిమ దగ్గర వాసన చూసి, ఇది లారీకి, ఇది ఊళ్లోకి, ఇది పచ్చడికి అని మూడు కుప్పలుగా విసురుతుంది. తప్పుపోగా నేను చూడలేదు. సీజను లేని రోజుల్లో ఆదివారం వచ్చి షెడ్డు ఊడ్చి, ట్రేలు తిరగేసి, ఎలుకల కన్నాలు మూసి వెళ్తుంది. మనిషి పొట్టి. గొంతు పెద్దది. కానీ కోపం వచ్చినప్పుడు ఆ గొంతు తగ్గుతుంది. ఎంత తగ్గితే అంత భయం.

మాధురి ఆమెని కూర్చోమంది. ఖాళీ ట్రే బోర్లించుకుని కూర్చుంది. ఏ మనిషి కావాలో ఎంచుకోమన్నారు. వీరుడు తరుణ్ తీసేసుకున్నాడు. నేను బాతు తర్వాత యుద్ధాలు మానుకుని మాంత్రికుణ్ణయ్యాను. "ఇంక దొంగ ఖాళీ ఉంది" అన్నాడు తరుణ్.

నాగేంద్రమ్మ లేచి నిలబడింది. "ఇన్నేళ్లలో మీ షెడ్డు నుంచి ఒక్క కాయ కొంగున కట్టుకెళ్లానా బాబూ?"

గొంతు తగ్గింది. మాధురి గబగబా సర్దిచెప్పింది. దొంగంటే దొంగ కాదు, తాళాలు తీస్తుంది, ఎక్కడ గొయ్యి ఉందో ఎక్కడ ఉచ్చు ఉందో ముందే కనిపెడుతుంది అని. "దాన్ని కాపలామనిషి అంటారమ్మా" అంది నాగేంద్రమ్మ. మరుసటి వారం ఆమె కోసం పెద్దక్షరాల్లో తెలుగు కాగితం నేనే కొట్టించి తెచ్చాను. పైన 'కాపలామనిషి' అని వేయించాను. పేరేం పెట్టుకుంటావని అడిగితే తన పేరే చెప్పింది. మారుపేరు పెట్టుకోడానికి నేనేం తప్పు చేశానంది.

మొదట్లో ప్రతివాడికీ సామాన్లు కొనుక్కోవడానికి కాసిని నాణేలిస్తారు. తరుణ్ కత్తి, డాలు, ఇనప టోపీ కొన్నాడు. నాగేంద్రమ్మ ఒక దోటి కొంది. చిటారుకొమ్మన కాయలు కోస్తారే, ఆ పొడుగు కర్ర. ఇంకా నులకతాడు, ఆముదం సీసా, అటుకుల మూట. కత్తి వద్దంది.

"గుహలోకి వెళ్తున్నావా, తోటలోకా నాగేంద్రమ్మా?" అని నవ్వాడు తరుణ్.

"తోటలో ఏడాదికెంతమంది దెబ్బతింటన్నారో మీకేం తెలుసు బాబూ."

ఆ తర్వాతి ఐదు ఆదివారాల్లో తరుణ్ ముగ్గురు వీరుల్ని పోగొట్టాడు. ఒకణ్ణి ఎలుకల గుంపు, ఒకణ్ణి తలుపు, ఒకణ్ణి తను 'ఒక్కడివే రా' అని పిలిస్తే వచ్చిన ముప్ఫైమంది. పోయిన ప్రతిసారీ కాగితం పరపరా చింపి, నా కట్టలోంచి కొత్తది లాగేవాడు. జిరాక్స్ వ్యాపారానికి మంచిదే. నాగేంద్రమ్మకి మాత్రం ఒళ్లు మండిపోయేది.

"ముందు పోయినాయన్ని ఎవరు మోశారు?"

"ఎవరూ మొయ్యలేదు. అక్కడే ఉంటాడు."

"అక్కడే వదిలేశారా? కాగితం చింపేస్తే సరిపోద్దా?"

మొదటి లెవెల్లో ఎలా ఉండాలో ఆమె మాకు పాఠంలాగా చెప్పలేదు, తిట్లలాగా చెప్పింది. గడ్డిలో కర్ర పెట్టి కొట్టకుండా కాలు పెట్టినవాణ్ణి తిట్టింది. తిరిగొచ్చే దారి చూసుకోకుండా లోపలికి దూరినవాణ్ణి తిట్టింది. కనపడిన ప్రతిదానితో తగువు పెట్టుకునేవాణ్ణి, అంటే తరుణ్‌ని, విడిగా తిట్టింది. ఒకసారి నలుగురు దొంగలు దారికడ్డం నిలబడితే, తరుణ్ కత్తి తీసేలోపు నాగేంద్రమ్మ వాళ్లని అన్నం తిన్నారా అని అడిగింది. తినలేదని మాధురి చెప్పింది. అటుకులు పెట్టాం, దారిచ్చారు. ఆ ఆదివారం ఎవరూ చావలేదని తరుణ్‌కి చాలా విసుగొచ్చింది.

ఇంకో సంగతి. అప్పటిదాకా నేను ఆమెని నువ్వు అనేవాణ్ణి. వినాయక చవితి తర్వాత ఎప్పుడో 'మీరు' అంటున్నాను. ఎప్పుడు మారిందో నాకే తెలీదు. తెలిశాక, అంతకుముందు ఎందుకు అనలేదో చెప్పుకోలేక కొంచెం సిగ్గేసింది.

అక్టోబరు మొదటి ఆదివారం రేకుల మీద వాన పడుతోంది. మాధురి ముందే చెప్పేసింది: కొండ కింద గుహలో ఒక పెట్టె ఉంది, దాన్ని ఊళ్లోకి తెచ్చినవాళ్లందరూ రెండో లెవెల్. తరుణ్ చేతులు రుద్దుకున్నాడు. వాడిది నాలుగో వీరుడు, ఐదు ప్రాణాలు. రెండు చేతుల్లో కత్తీ డాలూ ఉన్నాయి కాబట్టి దీపం మొయ్యడానికి ఆటలోని ఊళ్లో ఒక కూలిమనిషిని మాట్లాడాడు. మాధురికి అప్పటికప్పుడు తోచిన పేరు సవరయ్య. ప్రాణాలు రెండు.

"ఏ ఊరయ్యా మీది? ఇంటికాడ ఎవరున్నారు?" అని నాగేంద్రమ్మ అడిగింది.

ఎవరూ అడగరనుకున్న ప్రశ్న. మాధురి తడుముకుంది. పెళ్లాం, ఇద్దరు ఆడపిల్లలు, ఒక చూడి మేక అని చెప్పింది.

"మేక ఎప్పుడీనుద్ది?"

"ఈ... రెండు మూడు రోజుల్లో."

"అయితే తొందరగా ఇంటికి చేర్చాలి" అంది నాగేంద్రమ్మ. తన అటుకుల్లో సగం సవరయ్యకిచ్చి, కాగితం మీద 'అటుకులు' దగ్గర సగం అని నా చేత రాయించింది. తరుణ్ పైకప్పు వైపు చూశాడు.

గుహలోకి దిగాం. సన్నటి దారి, నేలంతా రాతి పలకలు. తరుణ్ ఫోను తీశాడు. కొత్తగా ఆడేవాళ్లకి ఎవరో రాసిన సలహాలట. చదవడం మొదలుపెట్టాడు. విడివిడిగా తిరగొద్దు. తాడు దగ్గరుంచుకో. గెలవలేని చోట పారిపో. ఇవన్నీ నాగేంద్రమ్మ ఇన్ని వారాలుగా తిడుతున్నవే. ఫోను చెప్పేసరికి వాడు తలూపుతున్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మాట్లాడకుండా మరమరాలు తిన్నాను.

"ఇది సూపర్" అన్నాడు. "కూలికి తెచ్చుకున్నవాణ్ణి ముందు నడిపించాలి. వాడు పడితే గొయ్యెక్కడుందో తెలిసిపోతుంది. సవరయ్యా, ముందు నడు."

నాగేంద్రమ్మ వేరుశనక్కాయలు వలుస్తోంది. చేతిలోవి కింద పెట్టింది.

"అతనెందుకు ముందు నడవాలి బాబూ?"

"కూలికొచ్చాడు కదా."

"దీపం మొయ్యటానికొచ్చాడు. గోతిలో పడటానిక్కాదు."

"అసలు వాడు లేడు నాగేంద్రమ్మా. అక్క ఇప్పుడే పుట్టించింది. వాడికున్నవే రెండు ప్రాణాలు."

"మీకెన్ని?"

"ఐదు."

"మరి ఐదున్నాయన ముందు నడవాలా, రెండున్నాయనా?"

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. ఆమె నా వైపు తిరిగింది. "మీకెన్నండీ?"

"మూడు."

"అయితే ఆయన వెనకాల మీరు."

తరుణ్ ఫోను పక్కన పెట్టాడు. "ఇది ఆట. ప్రతిదానికీ ఇంత సీరియస్ అయితే ఎలా?"

ఆమె గొంతు వాన చప్పుడులో వినపడనంత తగ్గింది. మేం ముందుకు వంగాల్సొచ్చింది.

"సీజన్లో ట్రేల్లో పరవటానికి గడ్డిమోపులొస్తాయి చూడండి. మోపు విప్పి ముందు చెయ్యి పెట్టేది ఎవరు బాబూ?"

ఆ షెడ్డులో అడుగుపెట్టిన అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

"మూడుసార్లు కుట్టింది తేలు. మొదటిసారి మీ గుమస్తా పరిగెత్తుకొచ్చాడు. నా చెయ్యి చూట్టానికి కాదు, ట్రే పడేశానేమోనని. రెండోసారి కుట్టాక, ఓ కర్ర ఇప్పించండి, పొడిచి చూసుకుని విప్పుతానన్నాను. లారీకి లేటవుద్దన్నారు. నా దోటి నేనే ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్నా. గుమస్తా దాన్ని పట్టుకెళ్లి ఆఫీసు గదిలో బూజులు దులిపిస్తంటే మూడోసారి కుట్టింది. ఆట అంటన్నారు కదా. ఆటలో కూడా నేను చెయ్యి పెట్టించనండి ఎవరి చేతా."

మాధురి ట్రేల దొంతర వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ షెడ్డు వాళ్ల నాన్నది. ఆ గుమస్తా వాళ్ల గుమస్తా. "ముందు ఎవరు నడుస్తున్నారు?" అని మామూలు గొంతు తెచ్చిపెట్టుకుని అడిగింది.

ముందు దోటి నడిచింది. నాగేంద్రమ్మ ఒక్కో పలకని పొడుస్తూ పోయింది. నాలుగోది కదిలింది. కింద గొయ్యి. గోడవారగా దాటాం. ఇంకెవరికీ తెలియకుండా నా కాగితం మీద మూడు ప్రాణాలూ ఉన్నాయో లేదో ఒకసారి చూసుకున్నాను.

లోపల పెద్ద చావడి. మధ్యలో లారీ అంత జంతువు పడుకుని ఉంది. దాని వెనకాల పది అడుగుల్లో పెట్టె. జంతువు ఊపిరి తీసుకుంటోంది, కళ్లు మూసే ఉన్నాయి. నిజంగా నిద్రో కాదో తెలీదు.

"సవరయ్య దీపం తీసుకుని దగ్గరికెళ్లి చూస్తాడు" అన్నాడు తరుణ్. వాడికీ కోపంగానే ఉంది. "మాట్లాడుకున్నది నేను. నేను చెప్పిందే వినాలి."

"వినడు" అంది నాగేంద్రమ్మ.

వింటాడో లేదో పాచిక చెప్పాలి, అది ఆట పద్ధతి. మాధురి ఇరవై ముఖాల పాచిక చేతిలోకి తీసుకుంది.

"దానికెందుకమ్మా పాచిక? అతని మనసులో ఏముందో పుట్టించిన మీకు తెలీదా?" అని, నాగేంద్రమ్మ పక్కన ఖాళీగా ఉన్న ఇంకో ట్రే వైపు తిరిగి, అక్కడెవరో కూర్చున్నట్టే చెప్పింది. "సవరయ్యా, పద. ఇంటికెళ్దాం."

మాధురి పిడికిలి చాలాసేపు మూసే ఉంచింది. వాన ఒక ఊపు పెరిగి తగ్గింది. పాచిక తీసి డబ్బాలో వేసేసింది.

"సవరయ్య వెనక్కి తిరిగాడు. దీపం అతని చేతిలో ఉంది కాబట్టి వెలుగు కూడా తిరిగింది."

"నేనూ వస్తున్నా" అన్నాను. నా ధైర్యం గురించి ఇంతకన్నా రాయడానికేం లేదు.

తరుణ్ చీకట్లో, కత్తి పట్టుకుని, ఊపిరి తీసుకుంటున్న లారీ ముందు ఒక్కడే మిగిలాడు. ఏం చేస్తావని మాధురి అడిగింది. పెట్టె వైపు వెళ్తానన్నాడు. పెట్టె ఎటుందో కనపడడం లేదంది. మరమరాలు కూడా నమలడం ఆపి చూస్తున్నాను. ఒక నిమిషం తర్వాత, "ఆగండి, నేనూ వస్తున్నా" అన్నాడు. వాడి వీరుల్లో ఒకడు గుహలోంచి నడిచి బయటికి రావడం అదే మొదలు. ఆ మాట వాడితో అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఊరు చేరామంది మాధురి. నాగేంద్రమ్మ ఒప్పుకోలేదు. "ఇంటి గుమ్మం దాకా చెప్పండమ్మా." చెప్పింది. పిల్లలిద్దరూ వాకిట్లో ఉన్నారు. మేక పొద్దున్నే ఈనింది, రెండు పిల్లలు. అప్పుడు గానీ నాగేంద్రమ్మ వేరుశనక్కాయలు మళ్లీ చేతిలోకి తీసుకోలేదు.

పెట్టె రాలేదు కాబట్టి లెవెలూ రాలేదు. తరుణ్ తన కాగితం బల్ల మీద పడేశాడు. చింపలేదు, పడేశాడు.

"ఇన్ని ఆదివారాలు నాగేంద్రమ్మా. పెట్టె పది అడుగుల్లో ఉంది. నీ వల్ల ఇంకా మొదటి లెవెల్లోనే ఉన్నాం."

ఆమె చీపురు అందుకుని, వలిచిన తొక్కలు ఒక పక్కకి ఊడుస్తూ, తలెత్తకుండా అంది:

"నేను ఇరవయ్యారేళ్ల నుంచీ ఉన్నా బాబూ, ఏం కాదు, అలవాటైపోద్ది."