వేడి తగలని ఉంగరాల జుట్టు

తెనాలి మారీసుపేటలో మా వీధి చివరింటి ముందుగదిలో అనసూయ బ్యూటీ పార్లర్ ఉంది. ఒక అద్దం, రెండు కుర్చీలు, ఒక కర్టెను, అంతే. ఆమెది రేపల్లె. లారీ ప్రమాదంలో భర్త పోయిన ఏడాది తెనాలి వచ్చి, ఒక పెద్ద పార్లర్‌లో ఊడ్చే పనికి చేరింది. చూస్తూ చూస్తూనే పని నేర్చుకుంది. ఇప్పుడామెకు నలభై ఆరేళ్లు. ఇరవై ఏళ్లుగా పెళ్లికూతుళ్లను ముస్తాబు చేస్తోంది. జుట్టు ఉంగరాలు తిప్పే కరెంటు రాడ్డు తగిలి ముంజేతుల మీద సన్నటి మచ్చలు పడ్డాయి. పనిలో అవి మామూలే అనుకుంటుంది.

నిరుడు మే మొదటివారంలో రాగసుధ అనే అమ్మాయి సంగం జాగర్లమూడి నుంచి వచ్చింది. స్కూల్లో టీచరు. పెళ్లి ఊళ్లోనే, రిసెప్షన్ మాత్రం రెండు రోజుల తర్వాత బాపట్లలో, పెళ్లికొడుకు వాళ్లింటి దగ్గర.

"రిసెప్షన్‌కి ఉంగరాల జుట్టు కావాలక్కా" అంది.

అనసూయ అలవాటుగా రాడ్డు ప్లగ్గులో పెట్టి, ఎలా ఉంటుందో చూపిద్దామని ఒక పాయ చేతిలోకి తీసుకుంది. రాడ్డు చెవి దాకా రాకముందే ఆ పిల్ల కుర్చీలోంచి లేచిపోయి గోడకు ఆనుకుంది. 

అనసూయ ప్లగ్గు పీకేసింది. మంచినీళ్లిచ్చి పక్కన కూర్చుంది.  కాసేపటికి రాగసుధే చున్నీ తీసి మెడ చూపించింది. ఎడమ చెవి కింది నుంచి భుజం దాకా చర్మం ముడతలు పడి ఉంది.

"నాకు ఎనిమిదేళ్లప్పుడక్కా. వంటింట్లో గ్యాసు లీకై మంటలొచ్చాయి. అమ్మ నన్ను బయటికి తోసేసింది. తను రాలేకపోయింది."

వీధిలో ఐసు బండి గంట కొట్టుకుంటూ పోయింది. ఆ చప్పుడు దూరమయ్యాక ఆ పిల్ల మళ్లీ చెప్పింది.

"అమ్మది ఉంగరాల జుట్టు. నాకు నాన్న జుట్టొచ్చింది, ఇలా సాపుగా. ఆ ఒక్కరోజూ అమ్మలాగా ఉండాలని ఉంది. వేడిది మాత్రం దగ్గరికి తేవద్దక్కా, నా వల్ల కాదు."

రాగసుధ తన సంచిలోంచి ఒక వస్తువు తీసింది. మూరెడు పొడవున్న మెత్తటి స్పాంజి, పైన శాటిన్ గుడ్డ. ఫోనులో చూసి తెప్పించుకుందట. దాన్ని నెత్తి మీద అడ్డంగా పెట్టి, జుట్టును రెండువైపులా చుట్టి ఆరేడు గంటలు ఉంచితే వేడి లేకుండానే ఉంగరాలు పడతాయట. ఇంట్లో రెండుసార్లు చేసుకుంటే ఒక్క వంపూ నిలవలేదు.

"ఇక్కడ పెట్టి వెళ్లమ్మా, నేను చూస్తా" అంది అనసూయ.

మర్నాడు మధ్యాహ్నం దాన్ని తన జుట్టుకే చుట్టుకుంది. బయట వడగాలి. స్పాంజి కింద నెత్తంతా చెమట పట్టి, దురద పుట్టింది. సాయంత్రం విప్పితే జుట్టు తడిగానే ఉంది. రెండోరోజు కూలర్ ముందు కూర్చుంది. కూలర్ గాలిలో ఉన్న తడికి జుట్టు అసలు ఆరనే లేదు. అప్పుడు ఆమెకు అర్థమైంది. ఇక్కడి ఎండాకాలంలో జుట్టుకు కావలసింది తడి కాదు, గాలి.

స్పాంజిని పక్కన పెట్టి పాత నూలు చీర ఒకటి పీలికలుగా చింపింది. ముందురోజే తలంటుకుని, నూనె రాయకుండా, ఆరిన జుట్టు మీద నీళ్లు కాస్త చిలకరించింది. నెత్తి మీద ఏమీ పెట్టకుండా, చెవుల కింద నుంచి మాత్రమే పాయలు తీసి పీలికలకు చుట్టి ముళ్లు వేసింది. నాలుగోసారికి ఉంగరాలు నిలిచాయి. అద్దంలో తన ముఖం చూసుకుని నవ్వబోయి ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా ఎంతమంది చెవుల పక్కన ఆ రాడ్డు పెట్టిందో! భయమేస్తోందా అని ఒక్కరినీ అడగలేదు.

రిసెప్షన్ రోజు పొద్దున్నే రైల్లో బాపట్ల వెళ్లింది. విడిది ఇంటి వెనకగదిలో రాగసుధ జుట్టుకు ఇరవై నాలుగు పీలికలు చుట్టి ఫ్యాను కింద కూర్చోబెట్టింది. పన్నెండింటికి కరెంటు పోయింది. అరగంట గడిచినా రాలేదు. పిల్ల మెడ మీద చెమట కారడం మొదలైంది.

"ఇంక ఇది నిలవదమ్మా" అంది అనసూయ దిగులుగా.

గుమ్మంలో రాగసుధ తండ్రి విజయసారథి నిలబడి ఉన్నాడు. కాలువల ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. ఎవరి దగ్గరో విసనకర్ర అడిగి తెచ్చి, కూతురి వెనక స్టూలు వేసుకుని విసరసాగాడు.

"గట్టిగా విసరనా అమ్మా?"

"మెల్లగా చాలు నాన్నా."



"ఎందుకమ్మా ఈ అవస్థ? నీ జుట్టుకేం, బాగానే ఉందిగా?"

"అమ్మ జుట్టులాగా ఉండాలని నాన్నా."

ఆయన చెయ్యి ఆగింది. అనసూయ కిటికీ వైపు తిరిగి నిలబడింది. కాసేపటికి విసనకర్ర మళ్లీ కదిలింది. కరెంటు వచ్చేసరికి రెండున్నర. చెయ్యి మార్చుకుంటూ అంతసేపూ విసురుతూనే ఉన్నాడాయన. ఫ్యాను తిరిగాక కూడా వెంటనే లేవలేదు, కూతురికి మెల్లగా ఏదో చెబుతూ కూర్చున్నాడు.

నాలుగున్నరకు పీలికలు విప్పారు. ఉంగరాలు వదులు వదులుగా భుజాల మీద పడ్డాయి. తండ్రి చూసి తల పంకించి, కళ్లజోడు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

సముద్రపు గాలికి ఏడయ్యేసరికి ఉంగరాలు సగం సాగిపోయాయి. ఫోటోలు అప్పటికే తీసేశారు. అనసూయ పిన్నులు పట్టుకుని స్టేజి ఎక్కి, జుట్టును ఎడమవైపు మెడ మీదికి సర్దబోయింది.

"వెనక్కి వేసెయ్యక్కా, ఉడికిపోతోంది" అంది రాగసుధ.

అనసూయ ఒక్క క్షణం తటపటాయించి, జుట్టు వెనక్కి తీసి పిన్ను పెట్టింది. మెడ మొత్తం కనపడింది. పెళ్లికొడుకు పక్కనున్న ఫ్యానును రాగసుధ వైపు తిప్పాడు. బహుమతులిచ్చేవాళ్లు వరసలో వస్తూనే ఉన్నారు.

అనసూయను స్టేషన్ దాకా దింపడానికి విజయసారథే ఆటోలో వచ్చాడు.  తెనాలి వెళ్లే పాసింజరు ప్లాట్‌ఫారం మీదికి వస్తుండగా అన్నాడు.

"మా ఆవిడ పేరు వాగ్దేవి అండి. పదిహేడేళ్లుగా ఇంట్లో ఆ పేరు ఎత్తలేదు నేను. పిల్ల ఏడుస్తుందని. ఇవాళ మధ్యాహ్నమే ఎత్తాను."

"అమ్మాయి ఏడవలేదుగా అన్నయ్యగారూ" అంది అనసూయ.

"లేదమ్మా. ఇంకా చెప్పమని అడిగింది."