అక్క ముట్టుకోని పుస్తకం

నా చిన్నప్పుడు మా కొత్తగూడలో ఆడపిల్లకు చదువు అంటే నవ్వేవాళ్ళు. మగపిల్లలకు మాత్రం ఏం ఒరిగిందని? బడిలో చెప్పేది ఉర్దూ, ఇంట్లో మాట్లాడేది తెలుగు. మా అన్నకు రెండూ సరిగా రాక, బడిలోనూ ఇంట్లోనూ తన్నులు తినేవాడు. నిజాం రాజ్యం ఆఖరి రోజులవి. ఊరి చుట్టూ రాతిగుండ్లు, సీతాఫలం పొదలు, జొన్నచేలు తప్ప మరేమీ లేవు. అలాంటి ఊళ్ళో నాకు నాలుగు అక్షరాలు వచ్చాయంటే అది పక్కింటి అక్క పుణ్యం. ఆమెకు ఆ జబ్బు రాకపోతే నాకు చదువు వచ్చేది కాదు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు కష్టంగానే ఉంటుంది.

అక్క చిన్నతనంలో పట్నంలో మేనమామ ఇంట్లో ఉండి ఆడపిల్లల బడిలో చదువుకుంది. తర్వాత మదీనాగూడకు ఇచ్చి పెళ్ళి చేశారు. కొడుకు పుట్టిన కొన్నాళ్ళకే దగ్గు పట్టుకుంది. క్షయ అన్నారు. అప్పట్లో ఆ పేరు వింటేనే జనం దూరం జరిగేవాళ్ళు. అత్తగారు పిల్లవాణ్ణి తన దగ్గర ఉంచుకొని అక్కను పుట్టింటికి పంపేసింది. వాళ్ళ నాన్న పెరట్లో ఉన్న గొడ్లకొట్టం ఖాళీ చేయించి, అలికించి, అందులో ఆమెకు మంచం వేయించాడు. కంచం వేరు, చెంబు వేరు.

ఆ కొట్టానికీ మా పెరటికీ మధ్య ఒక మట్టిగోడ. మా వైపు గోడను ఆనుకొని పెద్ద గుండు ఉండేది. దాని మీదికి ఎక్కితే అక్క కనిపించేది. గోడ దాటితే కాళ్ళు విరగ్గొడతానంది మా అమ్మ. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మా అమ్మకు నోరు అంత మంచిది కాదు, చెయ్యి మంచిది. ఎవరికీ చెప్పకుండా రోజూ వేడి పాలు గోడ మీద పెట్టి వచ్చేది.

ఒకరోజు అక్క వాళ్ళ నాన్న పట్నం నుంచి బొమ్మల కథల పుస్తకం తెచ్చాడు. మనవడి కోసం తెమ్మని అడిగింది అక్కే. తీరా ఆయన చేతికి ఇవ్వబోతే ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

“నాకియ్యకు నాయినా. గోడ మీద పెట్టు. పిల్ల తీసుకుంటది.”

నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆమె ముట్టుకున్న వస్తువు ఏదైనా రేపు మంటల్లోకే పోతుంది. ఆమె చెయ్యి పడిందని తెలిస్తే అత్తగారు ఆ పుస్తకాన్ని పిల్లవాడి దరిదాపులకు రానివ్వదు. అందుకని పుస్తకం మా ఇంటి గూట్లో ఉండిపోయింది. తాను చదివి వినిపించే వీలు లేదు కనుక, చదివి వినిపించే మనిషిని తయారు చేసుకోవాలనుకుంది అక్క. దొరికింది నేను.

కొట్టం గోడ మీద బొగ్గుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసేది. నేను గుండు మీద కూర్చొని అదే అక్షరం పుస్తకంలో ఎక్కడుందో వెతికేదాన్ని. దొరికితే తప్పిపోయిన లేగదూడ కనిపించినట్టు అరిచేదాన్ని. దొరకకపోతే విసుగొచ్చి సీతాఫలాలకు పరుగెత్తేదాన్ని. తిరిగి వచ్చేసరికి అక్క గోడకు ఆనుకొని అక్కడే కూర్చొని ఉండేది, ఆయాసపడుతూ. అలా ఎన్నాళ్ళు సాగిందో గానీ, ఒక మధ్యాహ్నం ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ పోతుంటే, నా నోట్లోంచి వచ్చిన మాట నాకే అర్థమైంది. ‘వాగు’ అన్న చిన్న మాట. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు. గుండు మీద నేను ఎగురుతుంటే అక్క నవ్వబోయి దగ్గింది.

కథ చిన్నదే. ఒక ఏనుగుపిల్లకు వాగు దాటాలంటే భయం. కప్ప దాటుతుంది, బాతు దాటుతుంది, బర్రె దాటుతుంది. అందరూ రమ్మంటారు. అది ‘నేను రాను’ అంటుంది. చివరికి దిగి చూస్తే నీళ్ళు మోకాలి దాకానే. చదవడం వచ్చాక నేను ఆ కథను ఊపిరి తీసుకోకుండా గడగడా చదివేసి గొప్పగా చూశాను. అక్క మెచ్చుకోలేదు.

“జర మెల్లగ బిడ్డా. పిలగాడు బొమ్మ సూస్తనంటే సూడనియ్యి. కథ యాడికి పోతది? కాయితం నువ్వు తిప్పకు, వానితోని తిప్పియ్యి.”

ఇంకా ఎన్నో చెప్పేది. వాడికి కప్ప నచ్చుతుందని, బర్రె దగ్గర గొంతు లావు చేయమని, అంచు నోట్లో పెట్టుకుంటే కసరవద్దని. ఏడాది నిండకుండానే వదిలి వచ్చిన పిల్లవాడు. వాడికి ఏది ఇష్టమో ఆమెకు ఎలా తెలుస్తుంది? అయినా నిన్నటిదాకా తన పక్కలో పడుకున్నట్టే చెప్పేది.

ఊళ్ళల్లో అలజడిగా ఉన్న రోజులు కావడంతో బండ్లు కదిలేవి కావు. అంతా సద్దుమణిగాక, అక్క వాళ్ళ నాన్న వియ్యపురాలిని బతిమాలగా బతిమాలగా ఆమె మనవణ్ణి తీసుకొని వచ్చింది. కానీ వాళ్ళ గడప తొక్కనంది. బండిలో నుంచే చూపించి పోతానంది. అప్పుడు మా అమ్మ కల్పించుకుంది.

“వదినా, ఎండల పడొచ్చిన్రు. మా ఇంట్ల జర సల్ల తాగి పోన్రి. పిలగాడు మా పిల్లతోని ఆడుకుంటడు.”

“తాగుత గని, ఆమె దగ్గు నా చెవుల పడ్డదంటే లేసి పోత” అంది ఆమె.

అమ్మ నాకేసి చూసి పెరటి వైపు కళ్ళతో సైగ చేసింది. ఆమెను వసారాలో కూర్చోబెట్టి ఊళ్ళో కబుర్లన్నీ ఎత్తుకుంది. ఆ నోరు ఒకరికి అక్కరకు రావడం అదే మొదటిసారి అనుకుంటాను.

నేను పిల్లవాణ్ణి గుండు మీద ఒడిలో కూర్చోబెట్టుకొని పుస్తకం తెరిచాను. గోడ అవతల కొట్టం గుమ్మంలో అక్క నిలబడి ఉంది. వాడు ఒకసారి ఆమెను చూశాడు. ఎవరో అనుకున్నట్టు మళ్ళీ బొమ్మ వైపు తిరిగాడు. రెండోసారి ‘నేను రాను’ దగ్గరికి వచ్చేసరికి నాతో కలిసి అన్నాడు. బర్రె దగ్గర కిలకిలా నవ్వాడు. అక్క చూసిందా అని తలెత్తాను.

అక్క కొంగు నోట్లో కుక్కుకొని ఉంది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. దగ్గు ఆపుకుంటోంది. నాకు భయమేసింది. త్వరగా ముగించేద్దామని గబగబా చదవసాగాను. అక్క చెయ్యెత్తి, అరచేతిని మెల్లగా కిందికి దించింది. నెమ్మది, నెమ్మది అని. నేను నిదానించాను. వాడు కప్ప మీద వేలు పెట్టి చూస్తున్నంతసేపూ ఆగాను. అంత కష్టమైన ఆగడం నేను మళ్ళీ ఎరగను.

కథ అయిపోయింది. వాడు కాగితాలన్నీ మొదటికి తిప్పేసి “మల్ల” అన్నాడు. అక్క వద్దనాలని దేవుడికి మొక్కుకుంటూ ఆమె వైపు చూశాను. ఆమె సరేనని తలూపింది. నేను మళ్ళీ మొదలుపెట్టాను.

ఈసారి ఏనుగుపిల్ల వాగులో దిగకముందే అక్క ఆపుకున్న దగ్గు ఒక్కసారిగా బయటపడింది. వసారాలో నుంచి వాడి నానమ్మ పరుగున వచ్చి పిల్లవాణ్ణి ఎత్తుకుంది. వాడు పుస్తకం కోసం ఏడ్చాడు. మా అమ్మ బండి దాకా పరుగెత్తి దాన్ని వాడి చేతిలో పెట్టింది.

“ఆమె ముట్టలే వదినా. నా బిడ్డ ఒక్కతే పట్టుకున్నది.”

ఆ ముసలామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇక లాక్కోలేదు. ఆమెను నేను తిట్టుకోను. వాళ్ళింట్లో అంతకుముందే మరొకరిని ఆ జబ్బు తీసుకుపోయిందని తర్వాత తెలిసింది.

అక్క పొద్దుగూకేదాకా దగ్గింది. కొంగు ఎర్రబడింది. మాట వచ్చాక ఒక్కటే అడిగింది: “మల్ల అన్నడు గదా? నువ్వు గూడ ఇన్నవు గదా?” విన్నానన్నాను. ఆ చలికాలం గడవకుండానే పోయింది. చాప, బట్టలు, మంచం అన్నీ కాల్చేశారు. కొట్టం గోడకు సున్నం వేశారు.

ఆ పిల్లవాడు బతికి ఉంటే ఇప్పుడు ముసలివాడై ఉంటాడు. గోడ అవతల నిలబడ్డది ఎవరో వాడికి ఎవరైనా చెప్పారో లేదో. ఆ గోడా లేదు, గుండూ లేదు. ఆ చోట ఎన్నో అంతస్తుల ఇళ్ళు లేచాయి. నేను ఆ తర్వాత నా పిల్లలకు చదివాను, మనవలకు చదివాను. ఇప్పుడు మునిమనవరాలు పుస్తకం పట్టుకొని వచ్చి, అడగకుండానే ఒడిలోకి ఎక్కుతుంది. ఆ బరువుకు నా మోకాళ్ళు నొప్పెడతాయి. దాని తల నా గడ్డం కింద వెచ్చగా తగులుతుంది. అప్పుడు ప్రతిసారీ నాకు అనిపిస్తుంది, ఇది అక్క కూర్చోవలసిన చోటని, నేను ఆమెకు బదులు కూర్చున్నానని.