పాత కంప్యూటరూ ఇరవై మూడు జాకెట్లూ

ఒక్క మీట నొక్కి నూట నలభై ఆరుమంది ఆడవాళ్ళ ఛాతీలు, నడుములు, భుజాలు మాయం చేయడం ఎవరివల్లనైనా అవుతుందా? నావల్ల అయింది. మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకు. టైము ఎందుకు చెబుతున్నానంటే, ఘోరం చేసినవాళ్ళు కనీసం టైము సరిగ్గా చెప్పాలి.

అప్పటికి నాది చిన్న వయసు. అరవై ఏడు. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరై, ఎవరికి ఏ లెక్క నేర్పుదామా అని శంషాబాద్ వీధుల్లో తిరుగుతున్న రోజులు. దొరికింది మా ఖైరున్నీసా. బస్టాండు వెనక సందులో ఆమె టైలరింగ్ దుకాణం. చెయ్యి బంగారం. కానీ కొలతలన్నీ మూటల్లో ఉండేవి. ఒక్కొక్కరు తమకు సరిపోయిన పాత జాకెట్టు ఒకటి ఆదిగా ఇచ్చి పోతారు కదా, అవన్నీ ఒక మూలన కుప్ప. ఒకసారి అత్త ఆది జాకెట్టుతో కోడలికి కుట్టింది. కోడలు దాన్ని తొడుక్కుంటే లోపల ఇంకో కోడలికి చోటుంది.

"ఇది పద్ధతి కాదు ఖైరున్నీసా" అన్నాను. రెండు నెలలు కూర్చుని ప్రతి జాకెట్టునూ టేపుతో కొలిచి, మనిషికి ఏడు కొలతల చొప్పున వెయ్యీ ఇరవై రెండు అంకెలు ఆమె దుకాణంలోని పాత కంప్యూటర్లోకి ఎక్కించాను. కాగితం మీద రాయలేదా అని మీరు అడుగుతారు. రాయలేదు. రెండుసార్లు రాస్తే తప్పు దొర్లే అవకాశం రెండింతలని అప్పట్లో నా సిద్ధాంతం. ఆది జాకెట్లన్నీ ఎవరివి వాళ్ళకు పంపించేశాం. వాళ్ళు వాటిని వీధిలోకొచ్చిన స్టీలు సామాన్ల ఆమెకు వేసి గిన్నెలు తెచ్చుకున్నారు.

అంతా బాగుంది, కంప్యూటరు తప్ప. మీట నొక్కితే తెర వెలిగి ఫైలు తెరుచుకోవడానికి పదకొండు నిమిషాల నలభై సెకన్లు. ఆలోపు మా నెత్తిమీద నుంచి ఐదు విమానాలు ఎగిరిపోయేవి. ఐదు విమానాల జనం దేశం దాటుతున్నారు, మేము మాత్రం ఒక చేతి పొడవు కోసం కూర్చున్నాం.

కంప్యూటర్లు బాగుచేసే శ్రీశైలాన్ని పిలిపించాను. అతను డబ్బా విప్పి చూసి పెదవి విరిచాడు.

"టీచరమ్మా, ఇది కంప్యూటర్ కాదు, నీళ్ళ గోలెం. లోపట మెమరీ ఒక్క జీబీ. ఇప్పటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు నాలుగు అడుగుతయ్."

"అడగనివి లేవా?"

"ఉన్నయ్. తేలికయి. లినక్స్ అంటరు. గని గవ్విట్ల గూడ మస్తు రకాలున్నయ్."

"ఎన్ని?"

"లెక్కలేనన్ని."

"లెక్క లేనిది ఏదీ ఉండదు శ్రీశైలం. నాలుగు తెచ్చివ్వు, పరీక్ష పెడతాను."

నాలుగు పెన్‌డ్రైవ్‌లు తెచ్చాడు. అప్పుడే తెలిసింది నాకొక వింత. వేలెడంత పెన్‌డ్రైవ్ గుచ్చి మీట నొక్కితే, లోపలున్న పాత సిస్టమ్‌ను ముట్టుకోకుండానే కొత్తది నడుస్తుందట. నచ్చితే ఉంచుకోవచ్చు, లేకపోతే పీకేయొచ్చు. పెళ్ళిళ్ళకు కూడా ఈ ఏర్పాటు ఉంటే ఎంత బాగుండేదని ఖైరున్నీసా అంది.

నూరు మార్కులకు పేపరు తయారు చేశాను. లేవడానికి పట్టే సమయానికి నలభై, మిగిలే మెమరీకి ఇరవై, తెలుగు అక్షరాలకు ఇరవై, ఫైలు తెరవడానికి ఇరవై.

మొదటిది అరవై నాలుగు బిట్లది. నల్లటి తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది. ఈ యంత్రం నాకు చాలదు, ముప్పై రెండు బిట్లది తెచ్చుకోండి అని దాని సారాంశం. రానిది రాదని ఇంత మర్యాదగా ఒప్పుకున్న విద్యార్థి నాకు ముప్పై నాలుగేళ్ళలో తగల్లేదు. సున్నా వేశాను కానీ గౌరవంగా వేశాను.

రెండోది ముప్పై రెండు బిట్లదే, కానీ సోకులు ఎక్కువ. నీడలు, మెరుపులు, తెరుచుకునే ప్రతి కిటికీకీ ఒక గంతు. ఆరు నిమిషాల ఇరవై సెకన్లు. మౌసు జరిపితే బాణం గుర్తు కాసేపు ఆలోచించి కదిలేది. ముప్పై ఎనిమిది మార్కులు.

మూడోది అన్నిటికంటే తేలిక. యాభై సెకన్లు! నేను లేచి నిలబడ్డాను. ఫైలు తెరిస్తే తెలుగు ఉండాల్సినచోట అన్నీ చతురస్రాలు. ఎందుకని ఆరా తీస్తే, బరువు తగ్గడానికి అక్షరాల బొమ్మలను ఇంటిదగ్గరే దించేసి వచ్చిందట. యాదమ్మ, లక్ష్మమ్మ, షబానా బేగం అందరూ డబ్బాలైపోయారు.

నాలుగోది మధ్యరకం. ఒక నిమిషం యాభై ఐదు సెకన్లు. ఒక్క విమానం ఎగిరేలోపు కొలతలు కళ్ళముందు! తెలుగు శుభ్రంగా ఉంది. తొంభై ఒకటి. దీన్నే ఖాయం చేశాను.

శ్రీశైలానికి ఫోన్ చేసి ఫలితాలు చదివి వినిపించాను.

"మంచిగ ఎంచినవ్ టీచరమ్మా. గని పెట్టేముందు ఫైలు కాపీ తీసుకో."

"ఫైలు డి డ్రైవ్‌లో ఉంది శ్రీశైలం. సిస్టమ్ ఉండేది సి లో కదా?"

"ఉంటే ఏంది? జర నేనొచ్చేదాక ఆగు."

ఆగలేదు. తొంభై ఒక్క మార్కులు వేసిన మనిషిని నేను, అతనొచ్చి ఏం చేస్తాడు? తెర మీద కొత్త సిస్టమ్ ఒక ప్రశ్న వేసింది. పాతదాని పక్కన పెట్టమంటారా, డిస్కంతా తుడిచి పెట్టమంటారా? నేను తర్కించాను. తేలిక కావాలని కదా ఇదంతా. పాత బరువు పక్కనే ఉంటే తేలిక ఎక్కడిది? మన ఫైలు డి లో భద్రం. తుడిచేయ్. పదకొండూ ఎనిమిది.

నలభై నిమిషాల్లో పని పూర్తయింది. కొత్త కంప్యూటరులా లేచింది. ఖైరున్నీసా చప్పట్లు కొట్టింది.

"మాషా అల్లా! ఇగ యాదమ్మక్క ఇంటి జాకెట్లు కత్తిరిస్త. ఫైలు తియ్యి టీచరమ్మా."

తీశాను. అంటే తీయబోయాను.

"డి ఏది?" అంది ఆమె.

"వస్తుంది."

"ఎక్కడికెళ్ళి వస్తది?"

నాకూ అదే సందేహం. శ్రీశైలం పరుగున వచ్చి అరగంట తవ్వి, తల పట్టుకున్నాడు. "సి, డి రెండు బీరువలు గావు టీచరమ్మా. బీరువ ఒక్కటే, నడుమ చెక్క. నువ్వు బీరువనే కడిగినవ్. కడిగి, పైనకెళ్ళి కొత్తది రాసినవ్."

"మరి కొలతలు?"

"గాయబ్."

ఖైరున్నీసా స్టూలు మీద కూలబడింది. మహేశ్వరం యాదమ్మ కూతురి పెళ్ళి ఆదివారం. ఆ ఇంటి ఆడవాళ్ళకు ఇరవై మూడు జాకెట్లు శుక్రవారానికల్లా ఇవ్వాలి. బట్ట ముందే ఉంది, మనుషులే లేరు.

"టీచరమ్మా, కొలతలు పోయినయని తెలిస్తే యాదమ్మక్క బట్టంత తీస్కపోయి ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద అద్దాల దుకాణంల ఇస్తది. ఆమె పోతే మహేశ్వరం మొత్తం పోతది. నా దుకాణం బంద్."

"నేను చెడగొట్టిన లెక్క నేనే సరిచేస్తాను" అన్నాను.

బుధవారం ఉదయం తొమ్మిదీ ముప్పై ఐదుకు ఆటోలో మహేశ్వరం చేరాం. యాదమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"కొలతలా? కంప్యూటర్ల ఉన్నయంటిరి గదా?"

"కంప్యూటర్లో సిస్టమ్ మార్చాం యాదమ్మా. కొత్తది పెట్టాం. దానికి కొత్త కొలతలు కావాలి." ఒక్క అబద్ధం లేదు, చూడండి. అయినా నిజం చెబుతుంటే నాలుక తడబడటం అదే మొదటిసారి.

"నాది నిరుటి కొలతనే. మారలే" అంది యాదమ్మ.

"మారలేదంట!" అంది ఆమె తోడికోడలు. "మొన్న కుర్చీల కూసోని లేస్తే కుర్చీ గూడ లేసింది."

"నీది జెప్పు ముందు. నీ గాజులు సబ్బు పెట్టినా ఎక్కుతలేవు!"

ఇరవై మూడుమందిలో ఒక్కరూ టేపు దగ్గరికి రారు. తోడికోడళ్ళ మధ్య నిలబడి నడుము కొలత పైకి చదివించుకునే ఆడది ఈ జిల్లాలో పుట్టలేదు. చివరికి ఖైరున్నీసాయే ఉపాయం చెప్పింది. గది తలుపు వేసి, ఒక్కొక్కరినే పిలిచి, అంకె పైకి అనకుండా టేపు మీద వేలు పెట్టి నాకు చూపిస్తుంది. నేను నోరు మెదపకుండా రాసుకుంటాను. మధ్యాహ్నం రెండూ పదికి నూట అరవై ఒక్క అంకెలు నా నోటుబుక్కులో ఉన్నాయి.

కానీ ఒక అనుమానం నన్ను తొలుస్తూనే ఉంది. అంకెలు నాకు కొంచెం గుర్తుంటాయి. ఫైల్లో ముప్పై నాలుగున్న యాదమ్మ ఇప్పుడు ముప్పై ఆరు. ముప్పై ఆరున్న తోడికోడలు ముప్పై ఎనిమిది. మరి ఆ పాత అంకెలతో కుట్టిన జాకెట్లు ఇన్నాళ్ళూ వీళ్ళకు ఎలా పట్టాయి? ఏ లెక్క ప్రకారం పట్టాయి? ఆటోలో అడిగితే ఖైరున్నీసా విసుక్కుంది. "జాకెట్లు కుట్టనియ్యి టీచరమ్మా, నీ లెక్కలు తర్వాత."

శుక్రవారం సాయంత్రం ఇచ్చేశాం. శనివారం ఉదయం ఎనిమిదీ ఐదుకు యాదమ్మ ఫోన్.

"టీచరమ్మా! ఖైరున్నీసాను తీసుకొని జల్ది రా. జాకెట్లన్నీ వదులు!"

దారిలో ఖైరున్నీసా ముఖం తెల్లబట్టలా ఉంది. ఆటో ఊరు దాటాక నా చెవిలో చెప్పింది.

"తప్పయింది టీచరమ్మా. నీ కంప్యూటర్ల అంకె చిన్నగుండె. వాళ్ళు పెండ్లిళ్ళయిన కొత్తల ఇచ్చిన జాకెట్లు గదా అవి. నేను అంకె సూసి, మనిషిని యాద్ జేసుకొని, రెండించులు కలిపి కుడుతుంటి. చేతులకు గదే అలవాటు. ఈసారి నువ్విచ్చిన అసలు అంకెకు గూడ కలిపిన."

ఏడాదిగా నా వెయ్యీ ఇరవై రెండు అంకెలను ఈమె నవ్వుతూ సవరిస్తూ వచ్చింది. నేనేమో నా కంప్యూటరే కుడుతోందని ఊరంతా చెప్పుకున్నాను. సిగ్గుపడే తీరిక లేదు, ఇల్లు వచ్చేసింది.

ఖైరున్నీసా దిగుతూనే మొదలుపెట్టింది. "అక్కా, గంటల పక్క కుట్టు ఏసి ఇస్త..."

"కుట్టేసినవంటే సూడు!" అంది యాదమ్మ. కొత్త జాకెట్టు తొడుక్కుని ఉంది. చేతి అంచులో రెండు వేళ్ళు దూర్చి గిరగిరా తిప్పింది. "సూసినవా టీచరమ్మా, వదులు! పెండ్లి పనులకు ఎంత సన్నబడ్డనో! నేనొక్కదాన్నే గాదు, మా ఇంటోళ్ళందరు!"

ఆదివారం పెళ్ళిలో ఇరవై మూడుమంది ఆడవాళ్ళు ఎదురైన ప్రతివాళ్ళ ముందూ చేతి అంచులో రెండు వేళ్ళు పెట్టి చూపించారు. మూడో రోజుకు ఖైరున్నీసా దుకాణం ముందు వరుస. అందరూ కొత్త సిస్టమ్ మీద కుట్టాలన్నవాళ్ళే.

నా బతుకంతా తప్పు జవాబు కనబడితే ఎర్ర సిరా తీశాను. ఆ పెళ్ళిలో ఇరవై మూడు తప్పు జవాబులు పట్టుచీరల్లో కళ్ళముందు తిరుగుతుంటే, లడ్డు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

కాబట్టి చదివే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నకలు తీయకుండా ఏ డిస్కునూ తుడవను. సి, డి అనే మాటలు విని మోసపోను. సన్నబడ్డానని సంబరపడే ఆడమనిషి ముందు, నా ఊపిరి ఉన్నంతవరకు, టేపు తీయను.