పరమేశ్ హాజరు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ హాజరు పిలిచినదాన్ని నేను. సూరత్ మున్సిపాలిటీ తెలుగు బడిలో టీచరుగా చేరి, అందులోనే రిటైరయ్యాను. పేరు పిలవడం, పలికితే గీత గియ్యడం, పలక్కపోతే సున్నా చుట్టడం. ఇందులో ఆలోచించడానికి ఏముందని అనుకునేదాన్ని. భేస్తాన్‌లో మా గల్లీ చివరింట్లో, వినోద ఫోనులోంచి వచ్చే హాజరు విన్నాక అలా అనుకోవడం మానేశాను.

వినోద నా దగ్గర చదువుకున్న పిల్లే. వాళ్ళ నాన్న కోరుట్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ ఒకే గుక్కలో కలిపేసి మాట్లాడుతుంది. లెక్కల్లో చురుకు, నోరు ఇంకా చురుకు. బడి మధ్యలో మానిపించి మగ్గాల కార్ఖానాలో కండెలు చుట్టే పనికి పంపారని తెలిసి వాళ్ళింటికి పోయి కొట్లాడాను కూడా. నా మాట ఎవరు విన్నారు! ఆ కార్ఖానాలోనే మగ్గం నడిపే పరమేశ్‌ను చేసుకుంది.

మగ్గాల కార్ఖానాలోకి ఎప్పుడైనా అడుగుపెట్టారా? మరమగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడ ఎవరూ గొంతు వాడరు. పెదాలు పెద్దగా కదిలించి మాట్లాడతారు, చేతులతో చెబుతారు. అన్నం తిన్నావా అన్నా, సేటు వస్తున్నాడన్నా అంతా పెదాలూ వేళ్ళే. అలా ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు ఇంటికొచ్చినా గొంతు తీయడం మరిచిపోతారు. పరమేశ్ మరీను. వాళ్ళమ్మ చిన్నవ్వ ఊరి నుంచి వచ్చిన కొత్తలో, "నా కొడుక్కు మాట పడిపోయిందా ఏంది?" అని నా దగ్గర ఏడ్చింది. భార్యాభర్తలు మాత్రం గల్లీ ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడి, గొంతు తీయకుండా సంసారం సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్ళు. చూసేవాళ్ళకు నవ్వొచ్చేది.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్శబ్దం వినలేదని పరమేశ్ అనేవాడు. రాత్రిళ్ళు నిద్రపట్టక గడపలో కూర్చునేవాడు. మళ్ళీ పని మొదలయ్యాక కూడా ఆ భయం పోలేదు. "ఎప్పుడు బందు పెడ్తరో ఎవలకెరుక టీచరమ్మా, చేతుల ఇంకో పనుండాలె," అని, కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీయడం నేర్పే ఆన్‌లైన్ కోర్సులో చేరాడు. అది కరోనా రెండో ఏడు మొదట్లో. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనుకు బియ్యం డబ్బా ఆనించి, గోడవైపు కూర్చుని క్లాసు వినేవాడు.

ఆ కోర్సు నియమాలు నాకు చదివి వినిపించాడొకసారి. క్లాసు నడిచినంతసేపూ కెమెరా తెరిచి ఉండాలి, ముఖం కనపడాలి. గదిలో ఇంకెవరూ మాట్లాడకూడదు. మైకు మూసి ఉంచాలి, పేరు పిలిచినప్పుడు మాత్రం తెరిచి పలకాలి. ఏమైనా అడగాలంటే చెయ్యి ఎత్తకూడదు, చెయ్యి బొమ్మ ఉన్న బొత్తం నొక్కాలి. ప్రశ్నలన్నీ ఆఖర్న. హాజరు తగ్గితే పరీక్ష లేదు. తప్పిన క్లాసుల రికార్డింగులు మొత్తం చూసి తీరాలి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఒక్క గది ఇంట్లో ముసలి తల్లినీ, భార్యనూ, కుక్కర్‌నూ పెట్టుకుని ఇవన్నీ పాటించమని రాసినవాణ్ణి తెచ్చి ఆ గదిలో ఒక్కరోజు కూర్చోబెట్టాలనిపించింది నాకు.

పరమేశ్ అన్నీ పాటించాడు, ఒక్కటి తప్ప. పేరు పిలిస్తే గొంతు రాదు. మైకు మూసే ఉంటుంది, ఇతను మాత్రం కార్ఖానాలో పలికినట్టే పెదాలు పెద్దగా కదిలించి, తల ఊపి, పలికేశాననుకుంటాడు. అవతల సార్ హడావుడి మనిషి. గొంతు వినపడకపోతే గైర్హాజరు వేసి తరవాతి పేరుకు వెళ్ళిపోతాడు. నెల తిరిగేసరికి హాజరు తక్కువైందని మెసేజ్ వచ్చింది. వినోద నెత్తీ నోరూ బాదుకుంది.

"ఎదురంగ కూసుండి గైరాజర్ వేయించుకున్నడు టీచర్, గీ మనిషిని నేనేం జెయ్యాలె?" అని నవ్వుతూనే తిట్టింది. ఆ తరవాత నుంచి పక్కనే కూర్చుని, పేరు పిలవగానే తనే మైకు నొక్కి అతని వీపు మీద చరిచేది.

ఏప్రిల్ వచ్చింది. మా గల్లీలో దగ్గని ఇల్లు లేదు. పరమేశ్‌కు జ్వరం తగిలి, కాస్త తగ్గినట్టే తగ్గింది. ఆ పొద్దున వినోద అతని టెస్టు చీటీ కోసం దవాఖానాలో లైను కట్టడానికి వెళ్తూ, ఫోను డబ్బాకు ఆనించి, అతన్ని దిండుకు చేరగిలబెట్టింది. "క్లాసు ఇడిసిపెట్టకు, ఇంకొక్కటి పోయినా పరీచ్చకు రానియ్యరు," అని చెప్పి వెళ్ళింది. చిన్నవ్వకు కూడా జ్వరమే, పక్కింట్లో పడుకుని ఉంది. వినోద తిరిగి వచ్చేసరికి క్లాసు అయిపోయింది. పరమేశ్ కూర్చున్నచోటే పక్కకు ఒరిగి, ఎగఊపిరి తీస్తున్నాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. ముఖం కూడా సరిగా చూడనివ్వలేదు.

క్లాసులు కొన్నాళ్ళు ఆగి, వానలు పడ్డాక మొదలయ్యాయి. ఫోనుకు లింకు వచ్చింది. వినోద ఎందుకు నొక్కిందో తనకే తెలియదంది. తెర మీద గళ్ళు గళ్ళుగా ముఖాలు వచ్చాయి, ఒక గడిలో తన ముఖం. దాని కింద పేరు పరమేశ్. సార్ పేర్లు పిలుచుకుంటూ పోయాడు. "పరమేశ్!" అన్నాడు. అలవాటు కొద్దీ వినోద చెయ్యి మైకు మీదికి వెళ్ళింది. చరవడానికి పక్కన వీపు లేదు. "ఎస్ సార్," అంది. సార్ తల ఎత్తకుండా హాజరు వేశాడు.

అలా మొదలైంది. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు లేడని రాసినవాళ్ళు, మనిషి పోయాక రోజూ ఉన్నాడని రాశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకరోజు తోటి విద్యార్థి ఎవరో, "పరమేశ్ భాయ్ కనబడటం లేదే?" అని హిందీలో అడిగితే, వినోద, "పనికి పోయిండు," అంది. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియక ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

అంతకన్నా నన్ను భయపెట్టింది చిన్నవ్వ. క్లాసు వేళకు ముసలామె ఎక్కడున్నా వచ్చి గడప దగ్గర కూర్చునేది. ఫోనులోంచి కొడుకు పేరు వినపడాలి, వినోద పలకాలి. అప్పుడు లేచి లోపలికి వెళ్ళిపోయేది. నేను వెళ్ళినప్పుడొకసారి ఆలస్యంగా వచ్చి, "ఇయ్యాల నా కొడుకు పేరు పిలిసిండ్రా?" అని అడిగింది. పిలిచారన్నాను. అప్పటిదాకా ఆ ముఖంలో ఉన్నది భయమని అప్పుడు తెలిసింది నాకు.

వినోద పని మాత్రం బాగా నేర్చింది. కొంగు, అంచు, బుటా, రంగులు ఎక్కడ ఎంత పడాలో కార్ఖానాలో పెరిగిన చెయ్యికి చెప్పక్కర్లేదు. కోర్సు పూర్తయి సర్టిఫికెట్ చేతికొస్తే, ఉధ్నాలో డిజైన్లు గీసే ఒక యూనిట్‌లో తీసుకుంటామన్నారు. కండెల పనికి మళ్ళీ పోకుండా అత్తనూ తననూ పోషించుకోగల దారి అదొక్కటే. కానీ సర్టిఫికెట్ మీద పరమేశ్ పేరుంటే ఆమెకు పనికిరాదు.

ఆ ముక్క చెప్పింది వర్షిణి. కోర్సు ఆఫీసులో విద్యార్థుల సంగతులు చూసే అమ్మాయి, అడాజన్‌లో ఉండే మన తెలుగువాళ్ళ పిల్ల. పరీక్షలో ఆధార్ కెమెరాకు చూపించాలని చెప్పడానికి ఫోన్ చేస్తే, వినోద ఉన్నదున్నట్టు చెప్పేసింది. 

"అయ్యో, ఇన్నాళ్ళూ మాకు చెప్పలేదేంటండీ?" అంది వర్షిణి. "మరేం పర్లేదు వినోదగారూ, మీరు కూర్చున్న క్లాసులు మీ పేరు మీద రాయిస్తాను, నేను మాట్లాడతాను. కాకపోతే ఆయన లాగిన్ మూసేయాలి. అందులో ఉన్న పాత రికార్డింగులు ఇక తెరుచుకోవండీ. దించుకోవడానికి కూడా ఉండదు."

వినోద నా దగ్గరికి వచ్చి కూలబడింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. తప్పిన క్లాసులు చూడాలన్న నియమం పట్టుకుని, ఈ పిల్ల మొదటి క్లాసు నుంచీ రికార్డింగులు చూస్తోంది. ప్రతి రికార్డింగులోనూ అందరి గళ్ళూ ఉంటాయి. ఒక గడిలో పరమేశ్. చెవి గోక్కుంటాడు, ఆవలిస్తాడు, కెమెరా పక్కకు చూసి పెదాలతో ఏదో అంటాడు. గొంతు లేదు. వినోదకు గొంతు అక్కర్లేదు కదా. "చాయ్ పెట్టు," అంటాడు. "అమ్మను పిలువు, ఎండల కూసున్నది," అంటాడు. ఒకసారి సార్‌ను తిట్టాడట, ఆ తిట్టు నాకు చెప్పలేదు. పోయిన మనిషి రోజూ ఆమెతో మాట్లాడుతున్నాడు, ఆమె పొయ్యి దగ్గర నుంచి ఒక్కతే జవాబు చెబుతోంది.

"ఆఖరి క్లాసు ఒక్కటి సూడలే టీచర్," అంది. "నేను లేనప్పుడు ఏమైందో అందుల ఉంటది. సూడాలంటె పానం వణుకుతది. సూడకుంట మూసేస్తె బతుకంత అదే యాదికొస్తది. నువ్వు జర నా తోటి కూసుంటవా?"

ఏనాడూ నన్ను నువ్వు అనని పిల్ల. మధ్యాహ్నం పూట, తలుపు దగ్గరికి వేసి, ఇద్దరం బియ్యం డబ్బా ముందు కూర్చున్నాం.

పరమేశ్ దిండుకు ఆనుకుని ఉన్నాడు. పేరు పిలిచారు. చెయ్యి చాచి తనే మైకు నొక్కుకుని "ఎస్ సార్" అన్నాడు. ఆ ఒక్కరోజే గొంతు వినపడింది, బొంగురుగా. వినోద నా మోకాలు గట్టిగా పట్టుకుంది. సార్ పాఠం మొదలుపెట్టాడు. పరమేశ్ కాసేపు విన్నాడు. దగ్గాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. తరవాత పిడికిలి బిగించి కుడిచెయ్యి నిటారుగా పైకెత్తాడు.

నాకు అర్థం కాలేదు. సార్‌కు మాత్రం కనపడింది. "పరమేశ్, హాత్ నీచే. సవాల్ బాద్ మే," అన్నాడు. చెయ్యి దించు, ప్రశ్నలు తరవాత అని. పాఠం సాగింది. చెయ్యి అలాగే ఉంది. వణికితే ఎడమచేత్తో మోచెయ్యి పట్టుకుని నిలబెట్టాడు. గళ్ళలో ముఖాలన్నీ పుస్తకాల్లోకి చూస్తున్నాయి. ఎత్తిన చెయ్యి అలా ఉండగానే క్లాసు అయిపోయింది, తెర నల్లబడింది.

"ఏమడగాలనుకున్నాడే?" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఎంత తెలివితక్కువ ప్రశ్న!

వినోద ఏడవలేదు. చాలా మామూలుగా చెప్పింది. "అడుగుడు కాదు టీచర్. కార్ఖానల మగ్గం ఆగిపోయి మనతోని కాకుంటె గట్ల పిడికిలి లేపుతం. నా మగ్గం ఆగింది, రిపేర్ జేసే మాస్టర్‌ను తోలుండ్రి అని. మాస్టర్ ఏడున్నా సూసి అరచెయ్యి సూపిస్తడు, వస్తున్న అని. గా అరచెయ్యి కనవడేదాక మన చెయ్యి దించద్దు. దించితె మగ్గం మంచిగైంది అనుకుంటరు."

నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. అంతమంది మనుషులు, అన్ని కళ్ళు, కెమెరాలు తెరిచి ఉంచాలన్న నియమం. ఇన్ని ఉండి ఒక్కరికీ ఆ చెయ్యి ఏమంటుందో తెలియలేదు. తెలిసిన ఒక్కతీ దవాఖానా లైనులో ఉంది. "నేనే కూసోమన్న," అంది వినోద ఒక్కసారి. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. రికార్డింగు వెనక్కి జరిపి, పరమేశ్ చెయ్యి ఎత్తినచోట ఆపింది. తన అరచెయ్యి తెరిచి తెరకు ఎదురుగా పెట్టింది. చాలాసేపు అలాగే కూర్చుంది. తరవాత వర్షిణికి ఫోన్ చేసి, పేరు మార్చమంది.

చిన్నవ్వకు చెప్పడమే కష్టమైంది. "రేపటి సంది పేరు పిలువరా?" అని మాత్రం అడిగింది ముసలామె. మర్నాడు అలవాటుగానే గడపలో వచ్చి కూర్చుంది, నేనూ పక్కన కూర్చున్నాను. సార్ పిలుచుకుంటూ పోయాడు. వినోద పేరు వచ్చింది, వినోద పలికింది. చిన్నవ్వ లేవలేదు. ఆఖరి పేరు దాకా ఆగి, "అయిపోయినయా?" అంది. అయిపోయాయన్నాను. నా భుజం పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది.

పాఠం సగంలో ఉండగా, ఎవరో నడివయసు మనిషి, కొత్తగా చేరినట్టున్నాడు, తన గడిలో చెయ్యి పైకెత్తాడు. సార్ చూశాడు. "హాత్ నీచే భాయ్, సవాల్ బాద్ మే."

వినోద మైకు తెరిచింది. పాఠం మధ్యలో ఎన్నడూ తెరవని పిల్ల. "సార్, ఆప్ రుకియే. పహలే ఉన్‌కో పూఛియే," అంది. ఆగండి, ముందు ఆయన్ని అడగండి అని. సార్ విసుక్కున్నాడు. తరవాత అడుగుదాంలే అన్నాడు. "నహీ సార్, అభీ," అంది. ఆ గొంతుకు గల్లీలో కుక్క కూడా లేచి నిలబడింది. సార్ పాఠం ఆపాడు.

ఆ మనిషికి అక్షరాలు చిన్నగా కనపడుతున్నాయట, కాస్త పెద్దవి చేయమన్నాడు. అంతే. గళ్ళలో కొందరు నవ్వారు. వినోద నవ్వలేదు. ఆయన చెయ్యి దించేదాకా తన అరచెయ్యి కెమెరాకు చూపిస్తూనే ఉంది.